కౌలుకిచ్చిన పట్టా భూమి: ఏ పథకం డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది?

మూసీ_ఒడ్డు (హైదరాబాద్) అడిగిన ప్రశ్న:

వికారాబాద్ జిల్లా, పరిగి వైపు 6 ఎకరాల 20 గుంటలు (ఎకరానికి 40 గుంటలు). రెండున్నర ఎకరాలు బోరు కింద వరి, మూడున్నర ఎకరాలు పత్తి, మిగిలిన 20 గుంటల్లో మామిడి చెట్లు, ఒక గది, చుట్టూ కడీలు (రాతి స్తంభాలు). పట్టాదారు 2025 మార్చిలో చనిపోయారు, వయసు 66. వారసులు ముగ్గురు: ఊళ్లోనే ఉండే భార్య (60), గవర్నమెంట్ టీచర్ అయిన పెద్ద కొడుకు, ఐటీ రిటర్న్ వేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి చిన్న కొడుకు. కొడుకులిద్దరూ సిటీలోనే. మామిడి చెట్లు తప్ప మిగతా భూమంతా ఊళ్లో ఒకాయన కౌలుకు చేస్తున్నాడు. ఆయనకు సొంతంగా 30 గుంటల పట్టా ఉంది. కౌలు నోటిమాటే, కాగితం లేదు.

తెలియాల్సినవి ఇవీ. రాష్ట్రం ఎకరాల లెక్కన ఇచ్చే రైతు భరోసా, కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ వారసుల్లో ఎవరికి వస్తాయి, ఎవరికి రావు? కౌలుదారుకి న్యాయంగా రావాల్సినవి ఏమిటి, అవి దారిలో ఎక్కడ ఆగుతున్నాయి? కౌలు కాగితం రాస్తే భూమికి ఇబ్బందా? "ఏఈఓని అడుగు" అనే జవాబు వద్దు, ఏఈఓని (వ్యవసాయ విస్తరణ అధికారిని) ఏమని అడగాలో చెప్పండి.

—

నలభై_గుంటలు:

ముందు ఒకటి తేల్చుకోవాలి. ఈ పథకాల్లో "రైతు" అన్న మాటకు ఒక్కో చోట ఒక్కో అర్థం. రైతు భరోసాకి పాస్‌బుక్ ఉన్నవాడు రైతు. పీఎం కిసాన్‌కి పాస్‌బుక్ ఉండి, సర్కారు ఉద్యోగం, ఇన్‌కమ్ ట్యాక్స్ లేనివాడు రైతు. ఎరువుల దుకాణంలో మిషన్ మీద వేలు పెట్టినవాడు రైతు. వడ్ల కాంటా దగ్గర పంట నమోదులో పేరున్నవాడు రైతు. చేను దున్నింది ఎవరని నేరుగా అడిగే పథకం దాదాపు లేదు. అందుకే ఒకే చేను మీద నాలుగు రకాల డబ్బు నాలుగు ఖాతాలకు పోతుంది.

రైతు భరోసా సంగతి. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతు బంధు చెక్కులు మొదలైనప్పుడు సీజన్‌కి ఎకరానికి 4,000. మరుసటి ఏడాది 5,000 అయింది. 2025 జనవరి 26 నుంచి పేరు మారి 6,000 అయింది, అంటే ఏడాదికి 12,000. గుంటకి లెక్కేస్తే సీజన్‌కి 150 రూపాయలు. 6 ఎకరాల 20 గుంటలకు 39,000. ఇందులో ఉద్యోగం, ఆదాయం, ఊళ్లో ఉంటున్నారా లేదా అన్న షరతు ఏదీ లేదు. టీచర్‌కీ వస్తుంది, సాఫ్ట్‌వేర్ ఆయనకీ వస్తుంది. సాగు చేయకుండా పడావు పెట్టినా, భూమి సాగుకు పనికొచ్చేదైతే వస్తుంది. కౌలుదారుకి మాత్రం రాదు. 2023 ఎన్నికల హామీలో కౌలు రైతుకి కూడా 15,000 అన్నారు. అమల్లోకి వచ్చేసరికి పట్టాదారు ఒక్కడే మిగిలాడు.

మీ కేసులో డబ్బు ఆగింది చనిపోయినవారి పేరు మీద పట్టా ఉండిపోవడం వల్ల. విరాసత్ (వారసుల పేరున పట్టా మార్పు, కొన్ని ఊళ్లలో ఫౌతి అంటారు) చేయించుకోండి. భూభారతిలో (రాష్ట్ర భూ రికార్డుల పోర్టల్) వారసత్వ మ్యుటేషన్‌కి మీసేవలో దరఖాస్తు పెట్టాలి. మరణ ధ్రువీకరణ పత్రం, పాత పాస్‌బుక్, వారసులందరి ఆధార్, ఎవరికెంత అన్నదాని మీద అందరి సంతకాలు కావాలి. ఆడపిల్లలు ఉంటే వాళ్లదీ సమాన హక్కే. ప్రశ్నలో రాయలేదు కాబట్టి గుర్తుచేస్తున్నా. ఒక్క సంతకం తక్కువైనా నోటీసు దశలో ఫైలు నిలబడిపోతుంది.

ఇక్కడే ఒక కిటుకు ఉంది. ముగ్గురూ కలిసి తల్లి ఒక్కరి పేరు మీద ఆరున్నర ఎకరాలూ ఎక్కిస్తే పని తేలిక. కానీ రైతు భరోసా ఎప్పుడూ తక్కువ విస్తీర్ణం నుంచి ఎక్కువకి విడతలుగా వేస్తారు. 2024-25 యాసంగిలో (రబీ) నాలుగెకరాల దగ్గర ఆగింది. 2025 వానాకాలంలో (ఖరీఫ్) జూన్ 16 నుంచి తొమ్మిది రోజుల్లో దాదాపు 9,000 కోట్లు వేశారు, పరిమితి పెట్టలేదు. మళ్లీ ఏ సీజన్‌లో ఎక్కడ ఆగుతుందో అప్పటికిగానీ తేలదు. తల్లికి 2-20 (2 ఎకరాల 20 గుంటలు), కొడుకులకు చెరి 2-00 చొప్పున మూడు పాస్‌బుక్కులైతే మూడూ మొదటి విడతల్లోనే ఉంటాయి: 15,000, 12,000, 12,000. మొత్తం అదే 39,000, కాకపోతే ముందు పడుతుంది. డబ్బు తొందరగా వస్తుందని పంచుకోమని నేను అనను. ఎలాగూ పంచుకునేవాళ్లయితే ఇది చూసుకోండి.

పాస్‌బుక్ వచ్చాక చాలామంది అక్కడితో ఆగిపోతారు, డబ్బు దానంతటదే పడుతుందనుకుంటారు. పడదు. కొత్త పట్టాదారు తన క్లస్టర్ ఏఈఓ దగ్గర, అంటే రైతు వేదికలో, దరఖాస్తు ఫారం, పాస్‌బుక్ జిరాక్స్ (పుస్తకం ఇంకా రాకపోతే డిజిటల్ సంతకం అయిన కాగితం), ఆధార్, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ ఇవ్వాలి. ప్రతి సీజన్‌కి ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. ఆ తేదీకి రికార్డులో పేరు ఎక్కితేనే ఆ సీజన్‌ది. ఏఈఓని అడగాల్సిన ప్రశ్నలు మూడు: "నా ఖాతా నంబర్ మీ లాగిన్‌లో ఏమని ఉంది? ఐఎఫ్‌ఎస్‌సీ ఏది? నా సర్వే నంబర్లలో సాగుకు పనికిరానిదని ఎంత పెట్టారు?"

—

పైసా_జమ:

బ్యాంకు వైపు నుంచి రాస్తున్నా, ఎక్కువ తలనొప్పి అక్కడే.

రైతు భరోసా, పీఎం కిసాన్ రెండూ ఒకే ఖాతాకి వస్తాయని జనం అనుకుంటారు. దారులు వేరు. రైతు భరోసా ఏఈఓ ఎక్కించిన ఖాతా నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీకి పోతుంది. పీఎం కిసాన్ ఆధార్ ఆధారంగా పోతుంది. చివరిసారి ఏ బ్యాంకులో ఆధార్ సీడింగ్ (ఖాతాకి ఆధార్ జోడించడం) చేయించారో ఆ బ్యాంకుకే. ఇంట్లో నాలుగు ఖాతాలుండి, గ్యాస్ సబ్సిడీ కోసమో స్కాలర్‌షిప్ కోసమో ఇంకో బ్యాంకులో సీడింగ్ చేయిస్తే, కిసాన్ డబ్బు చప్పుడు చేయకుండా అక్కడికి వెళ్లిపోతుంది. "పడలేదు" అని వచ్చేవాళ్లలో చాలామందికి పడే ఉంటుంది, వాళ్లు చూడని ఖాతాలో. ఫోన్‌లో *99*99*1# కొట్టి ఆధార్ నంబర్ ఇస్తే ఏ బ్యాంకుకి లింక్ అయిందో చెబుతుంది.

రైతు భరోసాకి వచ్చే చిక్కు వేరు: విలీనాలు. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్) తెలంగాణ బ్రాంచీలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంక్ అయ్యాయి. 2018లో చెక్కుల కాలంలో ఇచ్చిన పాత వివరాలే ఏఈఓ లాగిన్‌లో ఉండిపోతే డబ్బు వెనక్కి కొడుతుంది. కొత్త ముద్ర ఉన్న పాస్‌బుక్ పేజీ ఇచ్చి మార్పించుకోవాలి.

ఇక పీఎం కిసాన్ అర్హత. ఏడాదికి 6,000, మూడు విడతలు. ఎకరాలతో సంబంధం లేదు: 30 గుంటలున్నా అంతే, ఆరెకరాలున్నా అంతే. కుటుంబం అంటే భార్య, భర్త, మైనర్ పిల్లలు. పెళ్లయి వేరుగా ఉన్న మేజర్ కొడుకు వేరే కుటుంబం. మీ టీచర్ అర్హుడు కాడు, ప్రభుత్వ ఉద్యోగులకు లేదు. ఒక్క నాలుగో తరగతి ఉద్యోగులకే మినహాయింపు. చిన్న కొడుకు గత అసెస్‌మెంట్ సంవత్సరంలో ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టి ఉంటే ఆయనకీ లేదు. గమనించండి, అడ్డం వచ్చేది ట్యాక్స్ కట్టడం. రిటర్న్ వేసి పన్ను సున్నా అయితే మాట వేరు. అలాగే ప్రొఫెషనల్ సంస్థల్లో నమోదై ప్రాక్టీసు చేసే డాక్టర్లు, లాయర్లు, సీఏలు, ఆర్కిటెక్టులు కూడా బయటే.

తల్లికి వస్తుంది. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి పేరు మీద ఉండాలన్నది నియమం. ఆ తర్వాత కొన్న భూమిని ఒప్పుకోరు. అయితే పట్టాదారు చనిపోయి వారసత్వంగా వచ్చిందైతే ఒప్పుకుంటారు. ఆసరా పెన్షన్ 2,016 అడ్డం కాదు. నెలకి 10,000 లేదా అంతకు మించిన పెన్షన్ అయితేనే అడ్డం. ఆమె పేరున పాస్‌బుక్ వచ్చాక కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించాలి, చనిపోయినవారి రిజిస్ట్రేషన్‌లో పేరు మార్చడం కుదరదు. ఆ తర్వాత స్టేటస్ పేజీలో మూడు చూడాలి: ల్యాండ్ సీడింగ్, ఈకేవైసీ, ఆధార్-బ్యాంక్ సీడింగ్. మూడింటి పక్కనా "యెస్" రావాలి. ల్యాండ్ సీడింగ్ "నో" ఉంటే అది వ్యవసాయ శాఖ పని, మీసేవ వాళ్లని తిట్టి లాభం లేదు.

దీంతోపాటు 2025 మే నుంచి తెలంగాణలో ఫార్మర్ రిజిస్ట్రీ మొదలైంది. 11 అంకెల ఐడీ ఇస్తారు. అదీ పట్టా ఆధారంగానే. తల్లి పేరున పుస్తకం వచ్చిన రోజే ఇది కూడా చేయించేస్తే మళ్లీ తిరగక్కర్లేదు.

ఒక హెచ్చరిక. చనిపోయినవారి ఖాతాలో ఆ తర్వాత కిసాన్ విడత పడి ఉంటే ఏటీఎం కార్డుతో తీయకండి. అది తిరిగి కట్టాల్సిన డబ్బు. తీసేసి ఉంటే పోర్టల్‌లోనే రీఫండ్ ఆప్షన్ ఉంది. రసీదు దాచుకోండి.

—

సన్నవడ్లు_క్వింటాల్:

అందరూ రైతు భరోసా చుట్టూనే తిరుగుతున్నారు. వరి చేసే కౌలుదారుకి అసలు డబ్బు అక్కడ లేదు, వడ్ల బోనస్‌లో ఉంది. లెక్క చూడండి.

సన్న వడ్లకు మద్దతు ధర మీద రాష్ట్రం క్వింటాల్‌కి 500 బోనస్ ఇస్తోంది, 2024 వానాకాలం నుంచి. ఎకరానికి 22 క్వింటాళ్లు అనుకుంటే రెండున్నర ఎకరాలకు 55 క్వింటాళ్లు. బోనస్ 27,500. అదే రెండున్నర ఎకరాలకు రైతు భరోసా 15,000. అంటే ఏ సబ్సిడీ గురించి కొట్లాడుతున్నారో దానికి దాదాపు రెట్టింపు డబ్బు, వడ్లు ఎవరి పేరున కాంటా అయ్యాయన్న ఒక్క ఎంట్రీ మీద ఆధారపడి ఉంది. అసలు పంట డబ్బు సరేసరి: 2025-26లో ఏ గ్రేడ్‌కి 2,389 చొప్పున 55 క్వింటాళ్లకు 1,31,395. పట్టాదారు పేరున అమ్మితే ఈ మొత్తం ఆయన ఖాతాలోకి వెళ్లి, అక్కడి నుంచి కౌలుదారు అడిగి తెచ్చుకోవాలి. మీ కేసులో పట్టాదారే లేరు, ఖాతా మూసేస్తే డబ్బు గాల్లో ఉంటుంది.

కౌలుదారు తన పేరున అమ్ముకోవచ్చు. దానికి పునాది పంట నమోదు. ఏఈఓ సర్వే నంబర్ల వారీగా పంట ఎక్కించేటప్పుడే "ఈ నంబర్లో సాగు చేసేది ఫలానా" అని కౌలుదారు వివరాలు, భూమి వాళ్ల అంగీకారం ఇచ్చి రాయించాలి. కోతలయ్యాక ఐకేపీ సెంటర్‌కి (మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రం) వెళ్లి అప్పుడు అడిగితే ఆలస్యమైపోయింది. సెంటర్ వాళ్ల ట్యాబ్‌లో ఏ పేరుంటే ఆ పేరే. నాట్లు అయిన పదిహేను ఇరవై రోజుల్లో ఒకసారి, నమోదు ముగిసేలోపు ఇంకోసారి రైతు వేదికకు వెళ్లి చూసుకోవాలి. వరి రకం కూడా అక్కడే. దొడ్డు రకం అని ఎక్కిందా, సన్నం అని ఎక్కిందా చూడాలి. దొడ్డు అని ఎక్కితే బోనస్ పోయినట్టే.

సెంటర్‌లో సన్నమా కాదా అన్నది కంటితో చూసి తేల్చరు. గుప్పెడు వడ్లు పొట్టు తీసి, బియ్యపు గింజని కాలిపర్‌లో పెట్టి కొలుస్తారు. పొడవు 6 మిల్లీమీటర్ల లోపు, వెడల్పు 2 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. పొడవుని వెడల్పుతో భాగిస్తే 2.5 దాటాలి. రకం పేరు సన్నదే అయినా చివరి దశలో నీళ్లు ఎక్కువై గింజ ఉబ్బినా, విత్తనంలో కల్తీ ఉన్నా ఇక్కడ బయటపడుతుంది. తేమ 17 శాతం మించకూడదు. ఆరబోసి, తాలు పట్టించి తీసుకెళ్తే తరుగు పేరుతో జరిగే బేరం తగ్గుతుంది. తూకం అయ్యాక చీటీ తీసుకోండి, బస్తాల సంఖ్య కాదు, కిలోలు రాసినది. మిల్లు దగ్గర లారీ దిగాక "తేమ ఎక్కువ, ఇన్ని బస్తాలు కోత" అని ఫోన్ వస్తే ఆ చీటీ ఒక్కటే ఆధారం. బోనస్ పంట డబ్బుతో కలిసి పడదు, వెనక పడుతుంది, కొన్నిసార్లు బాగా వెనక.

పత్తి ఇంకా ఇరుకు. సీసీఐకి (కేంద్ర ప్రభుత్వ పత్తి సంస్థ) అమ్మాలంటే 2025 సీజన్ నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేయాలి, ఎంత అమ్మొచ్చన్నది నమోదైన విస్తీర్ణాన్ని బట్టి. ఆ సీజన్‌లో ఎకరానికి 12 క్వింటాళ్లు తీసుకునేదాన్ని 7కి దించారు. మూడున్నర ఎకరాల పత్తి కౌలుదారు పేరున ఎక్కి ఉంటే 24.5 క్వింటాళ్లు ఇవ్వగలడు. ఎక్కకపోతే ఆయనకున్న 30 గుంటల్లో పత్తే వేసినా 5.25 క్వింటాళ్లు మాత్రమే. మిగతాది ఊరి దళారీకే. ఆ సీజన్‌లో పొడవు పింజ ధర 8,110, తేమ 8 శాతం ఉంటే. ఆపైన ప్రతి శాతానికీ ఒక శాతం ధర, అంటే 81 రూపాయల చిల్లర, తగ్గిస్తారు. 12 దాటితే వెనక్కి పంపేస్తారు. పొద్దున మంచుతో తీసిన పత్తిని అదే రోజు బండెక్కిస్తే 12 దాటడానికి పెద్ద కష్టమేమీ లేదు.

—

మూసీ_ఒడ్డు:

ముగ్గురికీ ధన్యవాదాలు. వడ్ల లెక్క ఇంత ఉంటుందని ఆ కుటుంబంలో ఎవరికీ తెలియదు. రెండు సందేహాలు మిగిలాయి. కౌలుదారుకి ఆ 30 గుంటల మీద వచ్చేవి ఏవి? ఆయనకి ఆత్మీయ భరోసా వర్తిస్తుందా? కౌలు కాగితం మాట ఎవరూ ఎత్తలేదు. కొడుకులకు ఉన్న జంకు అదే.

—

కడీ_రాయి:

30 గుంటలతో మొదలుపెడతా, ఎందుకంటే ఆ చిన్న ముక్కే ఆయనకి పెద్ద ఆసరా. రైతు భరోసా సీజన్‌కి 4,500. పీఎం కిసాన్ పూర్తి 6,000. అన్నిటికన్నా ముఖ్యమైనది రైతు బీమా. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఎవరైనా, ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు. ప్రీమియం ప్రభుత్వం ఎల్ఐసీకి కడుతుంది. పాలసీ ఏడాది ఆగస్టు 14న మొదలవుతుంది. వయసుకి ఆధార్‌లోని పుట్టిన తేదీయే ప్రమాణం. ఊళ్లలో చాలామందికి అది జనవరి 1 అని, సంవత్సరం అందాజుగా వేసి ఉంటుంది. నాలుగేళ్లు ఎక్కువ పడిందంటే నాలుగేళ్ల బీమా పోయినట్టు. ఇప్పుడే చూసుకోమనండి. నామినీగా పెట్టిన మనిషి బతికే ఉన్నారా అన్నది కూడా. మీ పట్టాదారు 66 ఏళ్లకి పోయారు కాబట్టి ఆ క్లెయిమ్ లేదు, తల్లికి 60 కాబట్టి ఆమె కూడా బయటే. కొడుకుల పేరున పాస్‌బుక్కులు వస్తే వాళ్లు చేరతారు.

ఇందిరమ్మ ఆత్మీయ భరోసా ఆయనకి రాదు. అది భూమి లేని కూలీ కుటుంబాలకు, 2023-24లో ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసినవాళ్లకు. 30 గుంటల పట్టా ఉండటంతో "భూమి ఉన్నవాడు" అయిపోయాడు. ఆ 30 గుంటలే లేకపోతే ఏడాదికి 12,000 వచ్చేది, ఉన్నందుకు రైతు భరోసా కింద 9,000 వస్తోంది. గీత ఎక్కడో ఒకచోట గీయాలి, నిజమే. గీసినవాడు మాత్రం కౌలుదారుని లెక్కలో పెట్టుకోలేదు. రైతు స్వరాజ్య వేదిక 2022 సర్వేలో మూడింట ఒక వంతుకి పైగా రైతులు కౌలు చేసేవాళ్లేనని తేలింది. అంతమంది ఏ గడిలోనూ పడటం లేదు.

ఇక కాగితం. భయానికి మూలం 1950 నాటి తెలంగాణ కౌలుదారీ చట్టం. ఆ రిజిస్టర్లలోకెక్కిన రక్షిత కౌలుదార్లలో కొందరికి తర్వాత ఆ చట్టంలోని సెక్షన్ 38-ఇ కింద భూమి హక్కే వచ్చింది. హైదరాబాద్ చుట్టుపక్కల ఇప్పటికీ కేసులు నడుస్తున్నాయి కాబట్టి పట్టాదార్ల జంకు ఊరికే పుట్టింది కాదు. దీనికి విరుగుడుగానే ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదార్ల చట్టం తెచ్చారు. దాని కింద ఇచ్చే రుణ అర్హత కార్డు ఒక్క ఏడాదికే, దానితో భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే రాశారు. చట్టం ఉంది, కార్డులే దాదాపు ఆగిపోయాయి. 2017 రికార్డుల ప్రక్షాళన తర్వాత కొత్త రికార్డుల్లో అనుభవదారు (సాగులో ఉన్న మనిషి) కాలమ్ కూడా పోయింది. అంతకుముందు పహాణీ (ఊరి భూమి, సాగు రికార్డు) తీస్తే సాగులో ఎవరున్నారో కనీసం కనపడేది.

కాబట్టి ఇద్దరికీ పనికొచ్చేది 11 నెలల ఒప్పందం, స్టాంపు కాగితం మీద, రెండు ప్రతులు. అందులో ఏం రాయాలో తెలియక చాలామంది కౌలు రేటు మాత్రమే రాస్తారు. ఇలా రాసుకోండి:

"సర్వే నంబర్ ఫలానాలో 2 ఎకరాల 20 గుంటల వరి, 3 ఎకరాల 20 గుంటల పత్తి భూమి 2026 జూన్ 1 నుంచి 2027 ఏప్రిల్ 30 వరకు సాగుకు మాత్రమే. గడువు తీరాక ఏ హక్కూ మిగలదు. పంట నమోదు సాగుదారు పేరున చేయించడానికి పట్టాదారుకి అభ్యంతరం లేదు. మద్దతు ధర, బోనస్, పంట నష్ట పరిహారం సాగుదారువి. రైతు భరోసా పట్టాదారుది. దాంట్లో ఎకరానికి ఇంత కౌలులో తగ్గిస్తారు. బోరు మోటారు కాలితే ఖర్చు ఎవరిది, పైపులు ఎవరివి."

చివరి రెండు ముక్కలూ మర్చిపోవద్దు. ఊళ్లో కౌలు తగాదాల్లో సగం మోటారు దగ్గరే మొదలవుతాయి.

పంట నష్టం మాట ఎందుకు రాయమన్నానంటే, తెలంగాణ 2020లో కేంద్ర ఫసల్ బీమా (పంటల బీమా) నుంచి బయటికి వచ్చింది. వడగళ్లు పడితే మిగిలేది ప్రభుత్వం ఎకరానికి ప్రకటించే సాయం ఒక్కటే. 2023 మార్చి వానలకు 10,000 ప్రకటించారు. లెక్కలు రాయడానికి వచ్చినప్పుడు చేను గట్టు మీద ఎవరుంటే వాళ్లే మాట్లాడతారు. కౌలుదారు పేరు, ఆయన బ్యాంకు పుస్తకం ఆ రోజే ఇవ్వాలి. ఒప్పందం ప్రతి చేతిలో ఉంటే వాదన ఉండదు.

—

నలభై_గుంటలు:

కడీ_రాయి గారూ, ఒక్క దాంతో ఒప్పుకోను. రైతు భరోసా కౌలులో తగ్గించడం కాగితం మీద బాగుంటుంది. ఆచరణలో పట్టాదారు ముందుగానే కౌలు ఆ మేరకు పెంచి, తర్వాత "తగ్గించా" అంటాడు. అంతకన్నా పంట నమోదు కౌలుదారు పేరున చేయించమని ఒత్తిడి పెట్టడం మేలు. పట్టాదారుకి జేబు నుంచి పోయేది ఏమీ లేదు, కౌలుదారుకి 27,500 దారి తెరుచుకుంటుంది.

—

కడీ_రాయి:

అది ఒప్పుకుంటా. రెండూ రాయమన్నది అందుకే. ఒకటి జరక్కపోయినా రెండోది మిగులుతుంది.

—

పైసా_జమ:

పంట రుణం సంగతి ఎవరూ అనలేదు. బ్యాంకు పాస్‌బుక్ చూసే ఇస్తుంది కాబట్టి చేను కౌలుకిచ్చి, పంట రుణం తాము తీసుకునే పట్టాదార్లు కొల్లలు. 3 లక్షల లోపు 7 శాతం వడ్డీ, టైముకి కడితే 4. ఆ వడ్డీ రాయితీ సాగు చేయనివాళ్లకి పోతుంది. కౌలుదారు మాత్రం షావుకారి దగ్గర నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెస్తాడు, నెలకి. 2024 రుణమాఫీ కూడా అలాగే. 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 మధ్య బ్యాంకు పంట రుణాలకు కుటుంబానికి 2 లక్షల వరకు. షావుకారి బాకీకి మాఫీ ఎక్కడిది? కౌలుదార్లు నలుగురైదుగురు కలిసి జాయింట్ లయబిలిటీ గ్రూపుగా వెళ్తే పట్టా లేకుండా బ్యాంకు అప్పు దొరికే దారి ఉంది. ఒకరు ఎగ్గొడితే అందరి మీదా పడుతుంది, తెలిసినవాళ్లతోనే చేరాలి.

—

కృష్ణ_అవతల:

ఏపీలో ఎలా ఉందో రెండు ముక్కలు. అక్కడ 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కౌలు కార్డు ఇస్తారు, 11 నెలలకు. అన్నదాత సుఖీభవలో ఏడాదికి 20,000 అన్నారు. పట్టాదారుకి అందులో 6,000 పీఎం కిసాన్‌ది, మిగతా రాష్ట్రానిది. కార్డున్న కౌలుదారుకి కూడా పథకంలో చోటుంది. కానీ కార్డుకి భూమి యజమాని సంతకం కావాలి, ఆ సంతకం దగ్గరే బండి ఆగుతుంది. అంటే చట్టం ఉన్నచోటా, లేనిచోటా తాళంచెవి పట్టాదారు దగ్గరే ఉంది.

—

తెల్లకాగితం:

ఇదే చర్చలో ఇంకో రకం కూడా రాస్తున్నా. సాదాబైనామాతో (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం) కొని ఇరవై ఏళ్లుగా సాగు చేస్తున్నా, రికార్డులో అమ్మినవాడి పేరే ఉంటే రైతు భరోసా అమ్మినవాడికే పోతోంది. 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 మధ్య దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల ఫైళ్లను కొత్త భూభారతి చట్టం కింద ఆర్డీఓ తేల్చాలి. కొన్న తేదీ 2014 జూన్ 2కి ముందుదై ఉండాలి. అప్పటి మీసేవ రసీదు పారేయకండి. ఆ గడువులో పెట్టుకున్నవాళ్లకి ఆ రసీదే ఆధారం.

—

మూసీ_ఒడ్డు:

చివరిది. మామిడి చెట్లు, గది ఉన్న 20 గుంటలకు రైతు భరోసా వస్తుందా? అది లెక్కలోంచి తీసేస్తే మిగతా ఆరెకరాలు కూడా ఆగుతాయా?

—

నలభై_గుంటలు:

ఆగవు. 2025 జనవరి 16 నుంచి 20 దాకా వ్యవసాయ, రెవెన్యూ వాళ్లు కలిసి తిరిగి, లేఅవుట్లు, ఇళ్లు, రోడ్లు, గుట్టలు, క్వారీలు ఉన్న మేరకు సర్వే నంబర్ల వారీగా తీసేశారు. ఆ తర్వాత 21 నుంచి 24 వరకు గ్రామసభల్లో జాబితాలు చదివారు. తీసేసేది ఆ విస్తీర్ణం వరకే. మామిడి తోట సాగే, దానికి వస్తుంది. గది చిన్నదైతే సాధారణంగా పట్టించుకోరు. వ్యవసాయేతర భూమిగా మార్పిడి చేయించుకుని ఉంటే మాత్రం ఆ గుంటలు పోయినట్టే, అడగడం కూడా దండగ.

అసలు తేడా వచ్చేది 20 గుంటల బదులు పూర్తి సర్వే నంబర్ తీసేసినప్పుడు. అలాంటిది జరిగిందేమో చూడటం తేలిక. పాత సీజన్‌లో పడిన మొత్తాన్ని 150తో భాగించండి. 39,000 పడితే 260 గుంటలు, అంటే మొత్తం భూమి. 36,000 పడితే 240, అంటే ఆ 20 గుంటలు తీసేశారు. 2019 నుంచి 2025 జనవరికి ముందు దాకా రైతు బంధు ఎకరానికి 5,000 కాబట్టి ఆ పాత ఎంట్రీలను 125తో భాగించాలి. లెక్క తప్పితే పాస్‌బుక్, చేను ఫొటోలు పెట్టి మండల వ్యవసాయ అధికారికి అర్జీ ఇవ్వండి. అర్జీలో సర్వే నంబర్, ఉప నంబర్ రెండూ రాయాలి. ఉప నంబర్ లేకుండా ఇస్తే పక్క చేనువాడి గుంటలు సరిచేసి మీది అలాగే వదిలేసిన సందర్భాలున్నాయి.